కనెక్టింగు రాడ్డు బేరింగు: ఎన్నికయు, కొలతయు

మన పాఠశాలకు పిల్లలను పంపుచున్న తల్లిదండ్రులలో పలువురు హోసూరు చుట్టుపట్ల కర్మాగారములలో పనిచేయువారు. కొందరికి స్వంత మరమ్మతు దుకాణములు కలవు. 1980లో టి.వి.యస్. 50 మోపెడు ఈ యూరినుండి వెలువడినది మొదలు, రెండు చక్రముల బండ్లను నమ్ముకొని బ్రతుకు కుటుంబములు ఇచ్చట అనేకము. అందుచేత ఈ వార్షిక సంచికలో మోటారు సైకిలు ఇంజనులోని ఒక చిన్న భాగమును గూర్చి పాఠము వ్రాయ సంకల్పించితిమి. మేము యంత్రశాస్త్ర పండితులము కాము. ఇంటర్మీడియెటు చదివి, ఉపాధ్యాయ శిక్షణ పొంది, పిల్లలకు లెక్కలు చెప్పుచు తల నెరసినవారము. ఈ విషయము మాకడకు లెక్కల పాఠముగానే వచ్చినది. ఎట్లు వచ్చినదో ముందుగా మనవి చేసెదము.

గత వేసవి సెలవులలో ఒకనాటి సాయంకాలము మా పూర్వవిద్యార్థి యొకడు వచ్చి, అగ్గిపెట్టె తెరచి, అందులోని నాలుగు లోహపు ముక్కలను మా బల్లపై వరుసగా పెట్టెను. ఒక్కొక్కటి సగము ఉంగరము వలె ఉన్నది. రెండింటి లోపలి పూత కరగి, నల్లబడి, అంచులకు జారియున్నది. తక్కిన రెండును చెక్కుచెదరక నున్నగా ఉన్నవి.

“అయ్యవారూ, నాలుగూ ఒకే రంగువి. ఒకే దినము వేసినాను. ఒకే నూనె పోసినాను. రెండు కాలిపోయినాయి, రెండు బాగున్నాయి. తప్పెక్కడ చేసినానో మీరే చెప్పవలె” అనెను.

అతడు మరమ్మతు దుకాణము నడుపుచున్నాడు. జపాను దేశపు రెండు సిలిండర్ల మోటారు సైకిలు నొకదానిని విప్పి, ఇంజను మరల కట్టి యిచ్చెను. సుమారు మూడు వందల కిలోమీటర్లు నడచిన పిమ్మట, కృష్ణగిరి దారిలో ఆ ఇంజను ఒక్కసారిగా పట్టుకొనిపోయినది. వెనుక చక్రము బిగిసి బండి జారినది. నడుపుచున్న యువకునికి భుజపుటెముక విరిగినది. వెనుక లారీ ఏదియు లేకపోవుటచే ప్రాణము దక్కినది. “దుకాణము మూసివేస్తాను అయ్యవారూ” అని చెప్పి మా విద్యార్థి తల వంచుకొనెను. అతని ప్రశ్నకు మేము వెదకి తెలిసికొన్న సమాధానమే ఈ వ్యాసము.

1. బేరింగు చేయు పని

ఇంజనులో పిస్టను పైకిని క్రిందికిని నడచును. క్రాంకు గుండ్రముగా తిరుగును. ఈ రెండింటిని కలుపునది కనెక్టింగు రాడ్డు. దాని చిన్న కొన పిస్టను పిన్నును, పెద్ద కొన క్రాంకు పిన్నును పట్టుకొనియుండును. ఇంజను నిమిషమునకు 6,000 చుట్లు తిరుగునపుడు, సెకనుకు 100 చుట్లు తిరిగినట్లు. నాలుగు స్ట్రోకుల యంత్రములో ప్రతి రెండు చుట్లకు ఒక పర్యాయము సిలిండరులో మంట పుట్టును. అనగా పెద్ద కొనపై సెకనుకు 50 సమ్మెటపోట్లు పడుచున్నవని ఎంచుకొనవలెను. ఆ పోట్లను సహించు చోటనే బేరింగు ఉండును.

బేరింగు అనగా లోహము లోహముపై ఒరయుటకు ఏర్పరచిన చోటు అని చాలమంది యనుకొందురు. నిజమునకు, లోహము లోహమును తాకకుండ చేయు ఏర్పాటే బేరింగు. షెల్లు జాతి బేరింగులో పిన్నుకును షెల్లుకును నడుమ సన్నని సందు ఉండును. మెకానిక్కులు దీనిని క్లియరెన్సు అందురు. పంపు పంపిన నూనె ఆ సందులో నిండును. పిన్ను తిరుగుచు ఆ నూనెను ఇరుకు వైపునకు లాగుకొనిపోవును. ఇరుకులో చిక్కిన నూనెకు ఒత్తిడి పెరిగి, పిన్నును షెల్లునుండి ఎత్తి పట్టును. తడిసిన నాపరాతిపై కాలు జారుట మనకు అనుభవమే కదా. అచ్చట మనలను పడవేయు తడి పొర వంటిదే ఇచ్చట ఇంజనును కాపాడుచున్నది.

ఈ సందు ఎక్కువైనచో నూనె ప్రక్కలకు కారిపోయి ఒత్తిడి నిలువదు. పిన్ను షెల్లును కొట్టి టకటక శబ్దము పుట్టును. తక్కువైనచో చాలినంత నూనె ప్రవహింపదు. ఉన్న నూనె వేడెక్కి పలుచబడి, పొర తెగును. అంతట లోహము లోహమును తాకి కరగి పట్టుకొనును. ఎక్కువైనపుడు శబ్దము చేసి హెచ్చరించును. తక్కువైనపుడు హెచ్చరిక లేకుండ ఆపద తెచ్చును.

ఎంత సందు ఉండవలెను? పిన్ను వ్యాసములో సుమారు వేయవ వంతు అని పెద్దల లెక్క. పిన్ను 36 మిల్లీమీటర్లయినచో సందు 0.036 మి.మీ. దగ్గర ఉండును. మన తలవెండ్రుక 0.05 నుండి 0.1 మి.మీ. వరకు మందముండును. కనుక ఈ సందు వెండ్రుక మందమునకైనను తక్కువ. కంటికి కనబడదు, వ్రేలికి తెలియదు. ఇంత సన్నని దానిని చేతి వాటముతో నిర్ణయింప సాహసించుటలోనే కీడు మొదలగుచున్నది.

2. మూడు విధముల బేరింగులు

కొత్త బేరింగు కొనుటకు ముందు మన ఇంజనులో ఏ విధమైనది ఉన్నదో తెలిసికొనవలెను.

మొదటిది రోలరు లేక సూది రోలరు బేరింగు. ఇందు రాడ్డు పెద్ద కొన ఒకే ముక్కగా ఉండును. క్రాంకును ముక్కలుగా చేసి, పిన్నును యంత్రముతో ఒత్తి కూర్చెదరు. మైసూరులో 1996 వరకు తయారైన జావా, యెజ్డీ బండ్లును, మన వీధులలో తిరుగు ఒంటి సిలిండరు బండ్లలో చాల భాగమును ఈ జాతివే. రెండు స్ట్రోకుల యంత్రములో పెట్రోలుతో కలిసివచ్చు కొద్దిపాటి నూనెతోనే పెద్ద కొన బ్రతుకవలెను; అంత తక్కువ నూనెను సహింపగలది రోలరే. దీనిలో రోలర్లను మాత్రము మార్చుట పొదుపు కాదు. రాడ్డు, పిన్ను, రోలర్లు, ప్రక్క వాషర్లు కలిపి ఒకే సెట్టుగా వేయవలెను. పిదప క్రాంకు వంకర లేకుండ తిరుగుచున్నదో లేదో డయలు గేజితో చూడవలెను. రాడ్డును ప్రక్కలకు కదిపినపుడు కొంత ఆట ఉండుట సహజము. నిలువున లాగి నొక్కినపుడు ఆట తెలిసినచో అరిగినట్లే.

రెండవది తేలు బుష్షు. 1955లో మద్రాసున ఏర్పడిన ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థవారి పాత బుల్లెట్టులో ఇది కనబడును. ఈ బుష్షు రాడ్డుకును బిగిసియుండదు, పిన్నుకును బిగిసియుండదు. రెండింటి నడుమ తాను కూడ తిరుగుచుండును. కనుక లోపల ఒక సందు, వెలుపల ఒక సందు, రెండును కొలువవలసినవే. నూనె పంపు బాగుగా ఉన్నంత కాలము ఇది మౌనముగా పనిచేయును. దీనికి బదులు రోలరు సెట్టు వేయించుకొను వారును కలరు.

మూడవది షెల్లు బేరింగు. ఇందు క్రాంకు ఒకే ముక్క. రాడ్డు పెద్ద కొన రెండు ముక్కలై బోల్టులతో బిగియును. నడుమ రెండు సగపు ఉంగరములు అమరును. మా విద్యార్థి తెచ్చినవి ఇట్టివే.

రోలరు మేలా, షెల్లు మేలా అని వాదించుట వృథా. 1969లో వచ్చిన హోండా 750 నాలుగు సిలిండర్ల బండిలో షెల్లులు కలవు. 1972లో వచ్చిన కవాసాకి 900 బండిలో రోలర్లు కలవు. రెండును లోకమంతట పేరుపొందినవే. ఇంజనును కల్పించినవాడు ఏది పెట్టెనో దానికి తగిన నూనె పంపును, దారులను కూడ అతడే అమర్చెను. మనము చేయవలసినది అదే జాతిలో సరియైన కొలతను ఎన్నుకొనుట.

3. షెల్లు లోపల ఏమున్నది

షెల్లు వెన్ను ఉక్కు. దానిపై రాగియు సీసమును కలిసిన మిశ్రమము, దానిపై మరింత మెత్తని పలుచని పూత ఉండును. కొన్నింటిలో ఉక్కుపై అల్యూమినియము, తగరము కలిసిన ఒకే పొర ఉండును. 1839లో అమెరికా దేశస్థుడైన ఐజాక్ బాబిట్ తగరము, ఆంటిమొని, రాగి కలిపిన తెల్లలోహమును బేరింగులకు వాడుటకు పేటెంటు పొందెను. నేటికిని ఆ లోహమునకు అతని పేరే. మెత్తదనమునకు కారణము కలదు. నూనెతో వచ్చిన చిన్న ఇసుక రేణువు మెత్తని పూతలో దిగబడిపోవును. విలువైన క్రాంకు పిన్ను గీచుకొనదు. తాను అరిగి, ఎక్కువ వెలగల దానిని కాపాడుటే షెల్లు ధర్మము.

షెల్లుకు ఒక చివర చిన్న నాలుక ఉండును. షెల్లును కదలకుండ పట్టునది ఆ నాలుక అని కొందరి భ్రమ. అది సరియైన చోట కూర్చుండబెట్టుటకు మాత్రమే. షెల్లు సగము, రాడ్డు సగముకన్న వెండ్రుకవాసి ఎత్తుగా ఉండును. బోల్టులు బిగించినపుడు ఆ ఎత్తు నొక్కుకొని షెల్లు రాడ్డుకు గట్టిగా హత్తుకొనును. కావున షెల్లు అంచులను ఆకురాయితో రాచి “సరిచేయుట” మహాపరాధము.

4. రంగు వెనుక ఉన్న లెక్క

కర్మాగారములో వేల రాడ్డులు, వేల క్రాంకులు తయారగును. అన్నియు ఒకే కొలతకు రావు. మిల్లీమీటరులో వేయవ వంతుల తేడాలుండును. వానిని పారవేయక కొలిచి, తరగతులుగా విభజించి, అంకె చెక్కుదురు. ఆ అంకెలకు తగిన మందముగల షెల్లును ఎన్నుకొందురు. షెల్లు అంచున పూసిన రంగు ఆ మందమునకు గురుతు.

మా విద్యార్థి మరమ్మతు చేసిన బండి పుస్తకములోని పట్టిక ఇది. కొలతలన్నియు మిల్లీమీటర్లు.

రాడ్డు రంధ్రము: అంకె 1 అయినచో 39.000 నుండి 39.008 వరకు, అంకె 2 అయినచో 39.008 నుండి 39.016 వరకు.

క్రాంకు పిన్ను: అంకె 1 అయినచో 35.992 నుండి 36.000 వరకు, అంకె 2 అయినచో 35.984 నుండి 35.992 వరకు, అంకె 3 అయినచో 35.976 నుండి 35.984 వరకు.

షెల్లు మందము: ఆకుపచ్చ 1.480 నుండి 1.484, నలుపు 1.484 నుండి 1.488, గోధుమరంగు 1.488 నుండి 1.492, పసుపు 1.492 నుండి 1.496.

ఉండవలసిన సందు 0.032 నుండి 0.056. అరిగిన పిమ్మట దాటరాని హద్దు 0.080.

లెక్క ఎనిమిదవ తరగతి పిల్లవానికి సాధ్యమైనది. రాడ్డు రంధ్రమునుండి రెండు షెల్లుల మందమును, పిన్ను వ్యాసమును తీసివేసినచో మిగిలినది సందు. షెల్లు పైన ఒకటి, క్రింద ఒకటి కనుక మందమును రెండింతలు చేయవలెనని మరువరాదు. ఒక రంగునుండి ప్రక్క రంగునకు మందములో తేడా 0.004, సందులో తేడా దానికి రెండింతలు, అనగా 0.008.

రాడ్డు 1, పిన్ను 1 అనుకొందము. నడిమి కొలతలు తీసికొనిన 39.004లోనుండి 35.996 పోగా 3.008 మిగులును. ఆకుపచ్చ షెల్లుల జత 2.964. అది పోగా 0.044. హద్దులకు సరిగా నడుమ ఉన్నది.

రాడ్డు 2, పిన్ను 3 అనుకొందము. 39.012లోనుండి 35.980 పోగా 3.032. పసుపు షెల్లుల జత 2.988. మరల 0.044. అంకెలు వేరైనను, రంగులు వేరైనను, చివరకు సందు ఒక్కటే. రంగు మారినది సందు మారకుండుటకే.

ఈ పట్టికలో రెండు అంకెలను కూడినచో రంగు తెలియును: మొత్తము 2 అయిన ఆకుపచ్చ, 3 అయిన నలుపు, 4 అయిన గోధుమరంగు, 5 అయిన పసుపు. సుజుకి వారి పద్ధతి ఇట్టిది. యమహా వారి పద్ధతిలో రాడ్డు అంకెనుండి క్రాంకు అంకెను తీసివేయవలెను. ఒకచోట కూడిక, మరొకచోట తీసివేత ఏల? మొదటిదానిలో పిన్ను సన్నమైన కొలది అంకె పెరుగును; రెండవదానిలో పిన్ను లావైన కొలది అంకె పెరుగును. అంతేకాదు, మొదటి పట్టికలో ఆకుపచ్చ అన్నిటికన్న పలుచనిది; యమహా పట్టికలో 1 నీలము, 4 ఆకుపచ్చ. అచ్చట ఆకుపచ్చ మందపు వైపున ఉన్నది. కాబట్టి “ఆకుపచ్చ ఇమ్ము” అని దుకాణములో అడుగుట చాలదు. ఏ బండి, ఏ సంవత్సరము, ఏ అంకెలు అని చెప్పి అడుగవలెను. రంగు పేరు మాత్రమే, కొలత కాదు.

5. అగ్గిపెట్టెలోని నాలుగు షెల్లులు

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు వచ్చెదము. అతడు నాలుగును పసుపువే వేసెను. కారణమడుగగా, “మందముగా ఉంటే ఎక్కువ కాలము మన్నుతుందనుకొన్నాను. చేతితో తిప్పితే కొంచెము బిగువుగా ఉండె. బిగువు మంచిదే అనుకొన్నాను” అనెను.

మరునాడు అతని దుకాణమునకు పోయి, క్రాంకుపై, రాడ్డులపై చెక్కిన అంకెలను మేమిద్దరము తుడిచి చదివితిమి. రెండవ సిలిండరునకు రాడ్డు 2, పిన్ను 3. దానికి పసుపే సరి. ఆ జత చెక్కుచెదరలేదు. మొదటి సిలిండరునకు రాడ్డు 1, పిన్ను 1. దానికి ఆకుపచ్చ వేయవలసియుండెను. పసుపు వేయుటచే సందు 3.008లోనుండి 2.988 పోగా 0.020 మాత్రమే. ఇది నడిమి కొలతలతో వేసిన లెక్క. రాడ్డు 39.000గా, పిన్ను 36.000గా, షెల్లు 1.496గా ఉన్నయెడల మిగులునది 0.008. నూనెకు చోటెక్కడ?

అతడు చాలసేపు ఆ కాగితమును చూచుచుండెను. “ఈ తీసివేతలు మీరు నేర్పినవే కదా అయ్యవారూ” అనెను. ఆ మాట మమ్ములను నిందించుటకు అన్నది కాదు. అయినను మాకు గ్రుచ్చుకొనినది.

6. అరిగిన పిన్నును అంకె చెప్పదు

చెక్కిన అంకె పుట్టిననాటి జాతకము వంటిది. ఇరువది యేండ్లు తిరిగిన పిమ్మట పిన్ను నేటి స్థితిని అది చెప్పజాలదు. కావున అంకె చూచిన తరువాత కూడ కొలువవలెను.

కొలతకు మైక్రోమీటరు కావలెను. వెర్నియరు కాలిపరు చాలదు. వేయవ వంతు మిల్లీమీటరు చదువగలది అయిన మేలు. పిన్నును ఒకచోట కొలిచి విడువరాదు. అడ్డముగా ఒకమారు, నిలువుగా ఒకమారు కొలిచినచో పిన్ను కోడిగ్రుడ్డు వాటముగా అరిగినదా అని తెలియును. రెండు అంచులవద్ద కొలిచినచో ఒక కొన సన్నగిల్లినదా అని తెలియును. రాడ్డు రంధ్రమును షెల్లులు లేకుండ, మూత పెట్టి, బోల్టులను పుస్తకము చెప్పిన బిగువునకు బిగించి కొలువవలెను.

వేడిని కూడ గమనింపవలెను. ఉక్కు ఒక డిగ్రీకి తన పొడవులో లక్షకు సుమారు 1.15 వంతు పెరుగును. 36 మి.మీ. పిన్ను 20 డిగ్రీలు వేడెక్కినచో 36ను 20చేతను, 0.0000115చేతను గుణింపగా సుమారు 0.008 మి.మీ. పెరుగును. అది సరిగా ఒక రంగు తేడా! ఎండలో ఉంచిన క్రాంకును నీడలోని మైక్రోమీటరుతో కొలిచినవాడు లెక్క తప్పకపోయినను రంగు తప్పును. క్రాంకును, మైక్రోమీటరును ఒకే గదిలో రాత్రియంతయు ఉంచి ఉదయము కొలుచుట మంచిది.

పిన్ను హద్దుకు మించి అరిగినచో ఏమి చేయవలెను? కార్లలోను, లారీలలోను పిన్నును సాన పట్టించి, 0.25 లేక 0.50 మి.మీ. తక్కువ కొలతకు తగిన మందపు షెల్లులు వేయు ఆచారము కలదు. మోటారు సైకిళ్లకు అట్టి షెల్లులు తరచుగా దొరకవు. జపాను బండ్లకు చాలవరకు క్రాంకునే మార్చవలెనని పుస్తకములు చెప్పును. షెల్లు కొలత చేతికి రాక ముందే పిన్ను సాన పట్టించుట తగదు. ఎమరీ కాగితముతో పిన్నును చేతితో రుద్ది నునుపు చేయుటయు తగదు, గుండ్రదనము చెడును.

7. ప్లాస్టీగేజి పరీక్ష

మైక్రోమీటరు పట్టి లెక్క వేసిన పిమ్మట కూడ ఒక సాక్ష్యము తీసికొనుట మంచిది. ప్లాస్టీగేజి అను సన్నని మైనము వంటి దారము దుకాణములలో దొరకును. ఆకుపచ్చ కవరులోని దారము 0.025 నుండి 0.076 మి.మీ. వరకు చూపును, మన పనికి అది సరిపోవును. పిన్నును, షెల్లును నూనె లేకుండ తుడిచి, దారపు ముక్కను పిన్నుపై నిడివిగా ఉంచి, మూత బిగించవలెను. ఈ సమయమున క్రాంకును ఏమాత్రము త్రిప్పరాదు. మరల విప్పినచో దారము చప్పిడియై యుండును. కవరుపై ముద్రించిన చారలతో దాని వెడల్పును పోల్చి చూడవలెను. ఎక్కువ వెడల్పయినచో సందు తక్కువ. తక్కువ వెడల్పయినచో సందు ఎక్కువ. ఒక కొన వెడల్పుగా, మరొక కొన సన్నగా ఉన్నచో పిన్ను వాలుగా అరిగినదని తెలిసికొనవలెను. కొలిచిన తరువాత దారపు మరకను గోటితోనో, నూనె గుడ్డతోనో తుడువవలెను గాని ఇనుముతో గీకరాదు.

మా విద్యార్థి వేసిన మొదటి సిలిండరులో ఈ దారమును ఉంచియున్నచో, కవరుపైని అతి వెడల్పు చారను మించి చప్పిడియయ్యెడిది. అర గంట పనితో ఒక యువకుని ఎముక విరుగకుండెడిది.

8. పాత షెల్లు చెప్పు సాక్ష్యము

విప్పిన షెల్లులను చెత్తలో వేయకుము, అవి ఏ రాడ్డువో గురుతు పెట్టుము అని మెకానిక్కునకు చెప్పవలెను. వైద్యుడు నాడి చూచునట్లు వానిని చూడవలెను. లోపల చుట్టును గీతలున్నచో నూనెలో మురికి ఉన్నది. నూనె వడపోత చూడవలెను. పూత పోయి రాగి రంగు కనబడినచో అరుగుట ముదిరినది. పూత కరగి అంచుకు జారినచో నూనె అందలేదు, లేక సందు చాలలేదు. ఒక అంచు మాత్రమే అరిగినచో రాడ్డు వంగియుండవచ్చును. ఉక్కు వెన్ను నున్నగా మెరయుచున్నచో షెల్లు రాడ్డులో కదలుచున్నది, రంధ్రము పెద్దదైనది. కారణమును తొలగింపక కొత్త షెల్లు వేయుట, కప్పు కారుచుండగా గోడకు సున్నము వేయుట వంటిది.

కూర్చునపుడు కొన్ని నియమములు కలవు. ఏ రాడ్డు మూత ఆ రాడ్డుకే, అదే వైపున పెట్టవలెను. రెండు సిలిండర్ల మూతలను కలుపరాదు. షెల్లు వెన్నుపై నూనె ఉండరాదు. లోపలి ముఖమున నూనె తప్పక ఉండవలెను. క్రాంకులోని నూనె రంధ్రములను కడిగి, గాలితో ఊదవలెను. బోల్టులను చేతి అంచనాతో గాక టార్కు రెంచితో బిగించవలెను. కొత్తవి వేయుమని పుస్తకము చెప్పినచో కొత్తవే వేయవలెను. ఇంజనును మొదటిసారి నడుపుటకు ముందు, మంట పుట్టకుండ త్రిప్పి, నూనె అన్ని చోట్లకు చేరనియ్యవలెను.

9. తల్లిదండ్రులకు మనవి

మా విద్యార్థి దుకాణము మూసివేయలేదు. ఆ యువకుని బండిని తన ఖర్చుతో మరల కట్టి యిచ్చెను. ఈసారి క్రాంకు మార్చి, ప్రతి పిన్నును కొలిచి, దారపు పరీక్ష చేసి, ఫలితమును బండి యజమానికి చూపిన తరువాతనే మూత బిగించెను. అతని బల్లపై ఇప్పుడు ఒక నోటు పుస్తకము ఉన్నది. ప్రతి ఇంజనుకు ఒక పుట. రాడ్డు ఇంత, పిన్ను ఇంత, షెల్లు ఇంత, సందు ఇంత అని తెలుగులో, చక్కని అంకెలతో వ్రాసియున్నది. ఆ చేతివ్రాత మేము దిద్దినదే.

అతనికి దశాంశముల తీసివేత మేము నేర్పితిమి. పరీక్షలో నూటికి ఎనుబది పైగా తెచ్చుకొనెను. కాని ఆ అంకె వెనుక ఒక వస్తువున్నదని, ఆ వస్తువును కొలువవచ్చునని, కొలువకపోయిన ఒక మనుష్యుడు రోడ్డున పడునని మేము చెప్పలేదు. ఆ లోపము మాది. ఈ సంవత్సరము ఒక తండ్రిగారు తమ పాత మైక్రోమీటరును పాఠశాలకు ఇచ్చిరి. ఎనిమిదవ తరగతి బాలబాలికలు దానితో కాగితపు మందమును, తమ తలవెండ్రుకను, ఒక పాత క్రాంకు పిన్నును కొలిచి లెక్కలు వేయుచున్నారు. దశాంశ బిందువునకు కుడివైపున మూడవ స్థానము ఏల కావలెనని ఇప్పుడు ఎవ్వరును అడుగుట లేదు.

తల్లిదండ్రులకు మా మనవి రెండు మాటలు. మీ బండిని మరమ్మతునకు ఇచ్చునపుడు “గట్టిగా బిగించుము” అని చెప్పకుడు, “కొలిచితివా? ఎంత వచ్చినది?” అని అడుగుడు. మీ ఇంట పనిముట్టు ఉన్నచో, అది తక్కెడ గానిండు, టేపు గానిండు, మైక్రోమీటరు గానిండు, మీ పిల్లవాని చేతికి ఇచ్చి, కొలిచినది వ్రాయుమనుడు. మేము పలకపై నేర్పిన తీసివేత వాని చేతిలోనికి దిగుటకు అదియే దారి.